బ్యాంకుల విలీనంలో కంప్యూటరు వ్యవస్థల అనుసంధానం

రెండు లేదా అంతకంటే ఎక్కువ బ్యాంకులు ఒకే బ్యాంకుగా ఏర్పడినపుడు, అంతవరకు వేరువేరుగా నడిచిన వాటి కంప్యూటరు వ్యవస్థలను ఒకే వ్యవస్థగా మార్చడానికి జరిపే ప్రణాళికా రచన, డేటా తరలింపు, పరీక్షలు, తుది మార్పిడి మొదలైన పనులన్నింటినీ కలిపి వ్యవస్థల అనుసంధానం అంటారు. బ్యాంకు ఉద్యోగుల వాడుకలో దీనికి ఐటీ ఇంటిగ్రేషన్ అని పేరు. విలీనం ప్రభుత్వ ప్రకటనతో ఒక నిర్ణీత తేదీన చట్టరీత్యా అమలులోకి వస్తుంది. వ్యవస్థల అనుసంధానం సాధారణంగా ఆ తేదీతో ముగియదు. ఆ తరువాత కొన్ని వారాల నుండి కొన్ని నెలల వరకు సాగుతుంది. ఈ మధ్యకాలంలో బ్యాంకు పేరు ఒకటే అయినా, పాసుబుక్కు ముద్రించుకోవడానికి వచ్చిన ఖాతాదారుకు అవి రెండు బ్యాంకులుగానే కనిపిస్తాయి.

తెలుగు రాష్ట్రాలలో ఈ అంశం కోట్లాది ఖాతాదారులకు సంబంధించినది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులోను, 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలోను విలీనమయ్యాయి. 2025లో గ్రామీణ బ్యాంకుల వంతు వచ్చింది.

నేపథ్యం

లెడ్జర్ల కాలంలో ప్రతి శాఖా తన ఖాతాల లెక్కను తానే ఉంచుకునేది. అందువలన అప్పటి విలీనాలలో శాఖ స్థాయిలో మారవలసినవి ప్రధానంగా నామఫలకం, ముద్రలు, దరఖాస్తు పత్రాలు, ప్రధాన కార్యాలయానికి పంపే నివేదికల నమూనాలు. 1993లో న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియా పంజాబ్ నేషనల్ బ్యాంకులో విలీనమైనపుడు కేంద్రీకృతమైన కంప్యూటరు లెక్కలు కలపవలసిన సమస్య ఇప్పటి రూపంలో లేదు.

2000వ దశకంలో కోర్ బ్యాంకింగు వ్యాపించడంతో పరిస్థితి మారింది. ఈ విధానంలో అన్ని శాఖల ఖాతాలూ ఒకే డేటా కేంద్రంలో ఉంటాయి. శాఖలోని కంప్యూటరు ఆ కేంద్రానికి ఒక కిటికీ వంటిది మాత్రమే. దీనివలన ఖాతాదారు ఏ శాఖ నుండైనా సొమ్ము తీసుకోగలుగుతున్నాడు. అయితే రెండు బ్యాంకులు కలిసినపుడు ఒకటి రెండు శాఖలను ముందుగా మార్చి చూసుకునే వెసులుబాటు బాగా తగ్గింది. డేటా కేంద్రం చుట్టూ ఏటీఎంల స్విచ్, ఇంటర్నెట్ బ్యాంకింగు, మొబైల్ బ్యాంకింగు, యూపీఐ, చెక్కుల క్లియరింగు, ఆదాయపు పన్ను కోత, పింఛన్ల చెల్లింపు, ఆధార్ ఆధారిత చెల్లింపులు, బంగారు రుణాల మదింపు వంటి అనేక ఉపవ్యవస్థలు అల్లుకొని ఉంటాయి. కోర్ బ్యాంకింగును కదిపితే ఇవన్నీ కదులుతాయి.

విధానాన్ని ఎంచుకోవడం

అనుసంధానానికి మూడు మార్గాలు ఉన్నాయి. విలీనమయ్యే బ్యాంకు డేటాను విలీనం చేసుకునే బ్యాంకు వ్యవస్థలోనికి తరలించడం మొదటిది. రెండు బ్యాంకులూ తమ పాత వ్యవస్థలను వదలి కొత్తదానిలోకి మారడం రెండవది. రెండు వ్యవస్థలనూ అలాగే ఉంచి, నడుమ సందేశాలు అటూ ఇటూ చేరవేసే మరొక సాఫ్టువేరును పెట్టడం మూడవది. భారతదేశపు ప్రభుత్వరంగ బ్యాంకులు ఎక్కువగా మొదటి మార్గాన్నే అనుసరించాయి. మూడవది చూడటానికి తేలికగా ఉంటుంది కాని రెండు వ్యవస్థల నిర్వహణ ఖర్చు శాశ్వతంగా మిగిలిపోతుంది; పైగా ఏ రోజు లెక్క ఏ వ్యవస్థలో సరిగా ఉన్నదన్న ప్రశ్న ప్రతి తనిఖీలోను తిరిగి తిరిగి వస్తుంది. కనుక దీనిని తాత్కాలిక ఏర్పాటుగా వాడటమే మేలు.

రెండు బ్యాంకులు ఒకే సంస్థ తయారుచేసిన సాఫ్టువేరును వాడుతుంటే పని సులువవుతుందన్నది సాధారణ అభిప్రాయం. 2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ 10 ప్రభుత్వరంగ బ్యాంకులను 4గా కలుపుతున్నట్లు ప్రకటించినపుడు, ఏ బ్యాంకును ఏ బ్యాంకుతో జతపరచాలన్న దానికి ఉమ్మడి సాఫ్టువేరును కూడా ఒక అనుకూలతగా చూపారు. యూనియన్, ఆంధ్రా, కార్పొరేషన్ బ్యాంకులు మూడూ ఇన్ఫోసిస్ వారి ఫినకిల్‌ను వాడేవి. ఇండియన్ బ్యాంకు, అలహాబాదు బ్యాంకు టీసీఎస్ వారి బ్యాంక్స్‌ను వాడేవి. ఈ అభిప్రాయంలో నిజం ఉన్నది కాని సగమే. ఒకే సాఫ్టువేరును కొన్న రెండు బ్యాంకులు సంవత్సరాల తరబడి తమ తమ అవసరాలకు తగినట్లు దానిని మార్చుకుంటూ వస్తాయి. ఒక బ్యాంకు వృద్ధుల డిపాజిట్లకు వాడిన సంకేతాన్ని మరొక బ్యాంకు సిబ్బంది ఖాతాలకు వాడి ఉండవచ్చు. సాఫ్టువేరు పేరు కలిసినంత మాత్రాన లెక్కలు కలవవు.

తేడాల పట్టిక

ప్రణాళికలో మొదటి పని రెండు బ్యాంకుల మధ్య ఉన్న తేడాలన్నింటినీ పట్టికగా రాయడం. ఈ పని కంప్యూటరు నిపుణులు మాత్రమే చేయగలిగినది కాదు. రుణాలు, డిపాజిట్లు, విదేశీ మారకం, ఖజానా విభాగాలలో అనుభవం గల ఉద్యోగులు కూర్చుని ప్రతి పథకానికీ ఎదురు బ్యాంకులో సరితూగే పథకం ఏదో నిర్ణయించాలి. సరితూగేది లేనపుడు కొత్తగా సృష్టించాలి, లేదా కాలపరిమితి తీరేవరకు పాత షరతులతోనే కొనసాగించాలి. ఐదేళ్ళ డిపాజిట్ వేసిన వ్యక్తికి పాత బ్యాంకు ఒప్పుకున్న వడ్డీ రేటును విలీనం పేరుతో గడువుకు ముందే తగ్గించడానికి వీలులేదు.

వడ్డీ లెక్కించే తీరులో తేడాలు చిన్నవిగా కనిపిస్తాయి. పైసలను రూపాయికి సవరించడం ప్రతి లావాదేవీ వద్ద జరుగుతుందా, త్రైమాసికం చివర జరుగుతుందా అన్నది ఒక ఖాతాకు అర్ధరూపాయి తేడా. కోటి ఖాతాలలో అది అరకోటి రూపాయలు. పంట రుణాలలో మరింత జాగ్రత్త కావాలి. సకాలంలో చెల్లించిన రైతుకు కేంద్ర ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇస్తుంది. రుణం ఇచ్చిన అసలు తేదీ తరలింపులో పోయి, దాని స్థానంలో తరలింపు తేదీ చేరితే రైతు గడువులోపల కట్టాడా లేదా అన్నది నిర్ధారించలేము. అందువలన ఖాతా నిల్వను మాత్రమే తరలిస్తే సరిపోదు. దాని వెనుకనున్న చరిత్రలో ఎంత భాగం తేవాలన్నది ముందే తేల్చుకోవాలి. మిగిలిన పాత చరిత్రను చదవడానికి మాత్రమే వీలుండే విధంగా పాత వ్యవస్థలో కొన్ని సంవత్సరాలు నిలిపి ఉంచడం ఆనవాయితీ.

సంఖ్యల ఘర్షణ

రెండు బ్యాంకులలోను 123 అనే సంఖ్య గల శాఖ ఉండవచ్చు. ఒకే ఖాతా సంఖ్య ఇద్దరికి ఉండే అవకాశమూ ఉన్నది. శాఖల సంఖ్యలను మార్చక తప్పదు. ఖాతా సంఖ్యలను మాత్రం మార్చకుండా ఉండటానికే బ్యాంకులు శాయశక్తులా ప్రయత్నిస్తాయి. ఖాతా సంఖ్య ఖాతాదారు జీతం ఇచ్చే యజమాని వద్ద, ప్రభుత్వ పింఛను కార్యాలయంలో, బీమా సంస్థలో, అప్పు ఇచ్చిన సంస్థలో, బంధువుల ఫోన్లలో నమోదై ఉంటుంది. వాటన్నింటినీ మార్పించడం బ్యాంకు చేతిలో లేదు.

శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు ఉంటాయి. మొదటి 4 బ్యాంకును సూచిస్తాయి, ఐదవది సున్నా, చివరి 6 శాఖను సూచిస్తాయి. బ్యాంకు మారినందున మొదటి 4 అక్షరాలు మారక తప్పదు. పాత సంకేతంతో వచ్చే సొమ్మును కొంతకాలం కొత్త సంకేతానికి మళ్ళించే ఏర్పాటు చేస్తారు. చెక్కుపై ముద్రించిన 9 అంకెల ఎంఐసీఆర్ సంకేతంలో కూడా నడుమనున్న 3 అంకెలు బ్యాంకువే కనుక చెక్కు పుస్తకాలన్నీ కొత్తగా ఇవ్వవలసి వస్తుంది. ఇంటి రుణానికో, వాహన రుణానికో ముందస్తు తేదీలతో చెక్కులు ఇచ్చినవారు వాటిని మార్చి ఇవ్వకపోతే, ఖాతాలో డబ్బు ఉండి కూడా చెక్కు తిరిగి వచ్చే ప్రమాదం ఉన్నది.

ప్రభుత్వ పథకాల సొమ్ము విషయం వేరు. ఆధార్ ఆధారంగా జమ అయ్యే గ్యాసు రాయితీ, ఉపాధి హామీ కూలి, పీఎం కిసాన్ వంటివి ఖాతా సంఖ్య చూసి రావు. ఒక ఆధార్ సంఖ్య ఏ బ్యాంకుతో ముడిపడి ఉన్నదో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వద్దనున్న పట్టిక చెబుతుంది. సొమ్ము ఆ బ్యాంకుకు చేరుతుంది. విలీనం తరువాత ఈ పట్టికలో పాత బ్యాంకు గుర్తింపు సంఖ్య స్థానంలో కొత్తది చేరాలి. ఇందులో పొరపాటు జరిగితే మొదట నష్టపోయేది నెలకొకసారి బ్యాంకు మెట్లెక్కే కూలీలు, వృద్ధులే. వారు ఇంటర్నెట్‌లో ఫిర్యాదు నమోదు చేసేవారు కారు కనుక పొరపాటు వెలుగులోకి రావడానికి కూడా ఆలస్యమవుతుంది.

ఒకే మనిషి, రెండు గుర్తింపులు

ఒకే వ్యక్తికి రెండు బ్యాంకులలోను ఖాతాలు ఉండటం సర్వసాధారణం. విలీనం తరువాత ఆ వ్యక్తికి ఒకే ఖాతాదారు గుర్తింపు సంఖ్య ఉండాలి. డిపాజిట్లపై వచ్చే వడ్డీ మొత్తాన్ని కలిపి చూసి ఆదాయపు పన్ను కోయవలసి ఉండటం ఇందుకు ఒక కారణం. ఒక బ్యాంకులో బకాయి పడిన వ్యక్తికి మరొక బ్యాంకు రుణం మంజూరు చేసి ఉండటం మరొక కారణం.

తెలుగువారి పేర్లతో ఈ పని మరింత క్లిష్టమవుతుంది. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగాను, మరొకచోట పూర్తిగాను, ఇంకొకచోట పేరు చివరను ఉంటుంది. వెంకటేశ్వర్లు అన్న ఒక్క పేరును ఆంగ్ల లిపిలో పలు విధాలుగా రాస్తారు. ఒకే ఊరిలో, ఒకే ఇంటిపేరుతో, తాతపేరు పెట్టుకున్న మనవళ్ళు నలుగురు ఉండవచ్చు. వారి తండ్రుల పేర్లు కూడా ఒకే పొడి అక్షరంతో మొదలుకావచ్చు. అందువలన పేరు, ఊరు చూసి కలపడం ప్రమాదకరం. పాన్ సంఖ్య, ఆధార్, పుట్టినతేదీ, ఫోను సంఖ్యలలో కనీసం రెండు సరిపోతేనే కలపడం, లేకుంటే శాఖకు పంపి ఖాతాదారును అడిగి నిర్ధారించుకోవడం సురక్షితమైన పద్ధతి. ఒకే వ్యక్తి రెండుగా మిగిలిపోతే తరువాత సరిదిద్దవచ్చు. ఇద్దరు వ్యక్తులను ఒకరిగా కలిపితే ఒకరి సొమ్ము మరొకరికి కనిపిస్తుంది.

నమూనా తరలింపులు, తుది మార్పిడి

తుది మార్పిడికి ముందు మొత్తం డేటా నకలును కొత్త వ్యవస్థలోనికి తరలించి చూస్తారు. దీనిని నమూనా తరలింపు అంటారు. ఇది ఒకసారితో ముగియదు. ప్రతిసారీ ఖాతాల లెక్క, నిల్వల మొత్తం, జనరల్ లెడ్జరు పద్దులు పాతవాటితో సరిపోల్చి, తేడా వచ్చిన ప్రతి రూపాయికీ కారణం రాయాలి. తరలింపుకు పట్టిన కాలాన్ని కూడా కొలుస్తారు. ఎందుకంటే చివరకు చేతిలో ఉండేది ఒక వారాంతం మాత్రమే. 2015 సెప్టెంబరు నుండి రెండవ, నాలుగవ శనివారాలు బ్యాంకులకు సెలవు కావడంతో అటువంటి వారాంతాలు అనువుగా ఉంటాయి.

మార్పిడి రోజున పాత బ్యాంకు దినాంత లెక్కలు ముగించి, కొత్త లావాదేవీలను నిలిపివేసి, డేటాను బయటకు తీసి, రూపం మార్చి, కొత్త వ్యవస్థలో చేర్చి, సరిచూసి, కొన్ని శాఖలతో ప్రయోగించి, అందరికీ తెరుస్తారు. ఈ సమయంలో ఏటీఎంలను పూర్తిగా మూసివేయడమో, ఖాతా చివరి నిల్వల జాబితా ఆధారంగా స్వల్ప మొత్తాలను మాత్రమే ఇవ్వడమో చేస్తారు. ఏదో ఒక గంట వరకు పాత వ్యవస్థకు తిరిగి వెళ్ళే అవకాశం ఉంటుంది. ఆ గంట ఏదో, వెనక్కు వెళ్ళాలన్న నిర్ణయం ఎవరు తీసుకోవాలో కాగితంపై ముందే రాసి ఉండాలి. అర్ధరాత్రి రెండింటికి, మూడు రోజులుగా నిద్రలేని వారిని కూర్చోబెట్టి ఆ నిర్ణయం తీసుకొమ్మనడం సరికాదు.

2019 డిసెంబరు 16 నుండి నెఫ్ట్, 2020 డిసెంబరు 14 నుండి ఆర్‌టీజీఎస్ రోజుకు 24 గంటలూ పనిచేస్తున్నాయి. యూపీఐకి మొదటినుండీ సెలవు లేదు. కనుక ఇప్పుడు ఎంచుకున్న ఏ వారాంతమైనా ఎవరో ఒకరి చెల్లింపును ఆపక తప్పదు.

టీఎస్‌బీ వైఫల్యం

బ్రిటన్‌కు చెందిన టీఎస్‌బీ బ్యాంకు ఉదంతం ఈ విషయంలో తరచుగా ఉదాహరించబడుతుంది. ఇది విలీనం కాదు, దానికి విపర్యయం. లాయిడ్స్ గ్రూపు నుండి వేరుపడిన ఈ బ్యాంకు లాయిడ్స్ కంప్యూటర్లనే అద్దెకు వాడుకునేది. 2015లో దీనిని కొన్న స్పెయిన్ బ్యాంకు సబడెల్, తన వ్యవస్థను బ్రిటన్‌కు అనుగుణంగా మార్చి అందులోకి తరలించాలని నిశ్చయించింది. 2018 ఏప్రిల్ 20-22 వారాంతంలో సుమారు 52 లక్షల ఖాతాదారుల డేటాను ప్రధానంగా ఒకేసారి తరలించారు. డేటా క్షేమంగానే చేరింది. ఖాతాదారులు లోపలికి రావడం మొదలుపెట్టగానే వ్యవస్థ తట్టుకోలేకపోయింది. 19 లక్షల మంది వరకు తమ ఖాతాలను చూడలేకపోయారు. కొందరికి ఇతరుల ఖాతాలు కనిపించాయి. పరిస్థితి పూర్తిగా సాధారణ స్థితికి రావడానికి ఆ సంవత్సరం డిసెంబరు పట్టింది. ముఖ్య కార్యనిర్వహణాధికారి సెప్టెంబరులో పదవి నుండి తప్పుకున్నాడు.

2019 నవంబరులో వెలువడిన స్లాటర్ అండ్ మే న్యాయసంస్థ నివేదిక ప్రకారం, ఒకేసారి పనిచేయవలసిన రెండు డేటా కేంద్రాలలో ఒకదానికే భారపరీక్ష జరిగింది. రెండింటి అమరికలో తేడాలు ఉన్నాయి. 2022 డిసెంబరులో బ్రిటన్ నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. డేటా సరిగా చేరడం, వ్యవస్థ సరిగా నడవడం రెండు వేరువేరు విషయాలని, రెండింటికీ వేరువేరు పరీక్షలు కావాలని ఈ ఉదంతం చూపినది.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్

1941లో నిజాం ప్రభుత్వం హైదరాబాదు స్టేట్ బ్యాంకు పేరుతో స్థాపించిన ఈ బ్యాంకు, 1956లో పేరు మార్చుకొని, తరువాత భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకు అయింది. 2017 ఏప్రిల్ 1న మరి నాలుగు అనుబంధ బ్యాంకులు, భారతీయ మహిళా బ్యాంకులతోపాటు మాతృసంస్థలో విలీనమైంది. అనుబంధ బ్యాంకులన్నీ స్టేట్ బ్యాంకు వాడే బ్యాంక్స్ సాఫ్టువేరునే ఎంతోకాలంగా వాడుతూ ఉండటం, ఏటీఎంలు ఉమ్మడిగా ఉండటం వలన ఇది పోలికలో తేలికైన అనుసంధానం. డేటా విలీనం ఏప్రిల్, మే నెలల్లో ఒక్కొక్క బ్యాంకుకు ఒక్కొక్క వారాంతం చొప్పున జరిగింది.

హైదరాబాదు బ్యాంకు ఖాతా సంఖ్యలు ఎక్కువగా 62తో మొదలయ్యేవి. ఇతర అనుబంధ బ్యాంకులకు వేరే అంకెల వరుసలు ఉండేవి. అందువలన సంఖ్యల ఘర్షణ లేక పాత ఖాతా సంఖ్యలే కొనసాగాయి. ఐఎఫ్ఎస్‌సీలో ఎస్‌బీహెచ్‌వై అన్న అక్షరాలు పోయి ఎస్‌బీఐఎన్ వచ్చాయి. పాత చెక్కుల గడువును మొదట 2017 సెప్టెంబరు 30గా ప్రకటించి తరువాత పొడిగించారు. ఒకే వీధిలో రెండు శాఖలు ఉన్నచోట్ల వాటిని కలిపివేయడం, పేర్లు మార్చడం ఆ తరువాత సాగింది. 2018 ఆగస్టులో దేశవ్యాప్తంగా సుమారు 1,300 శాఖల పేర్లు, సంకేతాలు మారాయి. అప్పటికి ఏడాది క్రితమే ఒకసారి సంకేతం మార్చుకున్న ఖాతాదారులలో కొందరికి ఇది రెండవ మార్పు.

ఆంధ్రా బ్యాంకు

భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. అప్పటికి వారం క్రితం, మార్చి 25న, దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. ప్రయాణాలు నిలిచిపోయిన రోజులలో మూడు బ్యాంకుల సిబ్బంది ఈ పని చేపట్టవలసి వచ్చింది. విలీనానంతర బ్యాంకుకు 9,500కు పైగా శాఖలు ఉండేవి.

ముందుగా కార్పొరేషన్ బ్యాంకు శాఖలు, తరువాత ఆంధ్రా బ్యాంకు శాఖలు యూనియన్ బ్యాంకు వ్యవస్థలోకి మారాయి. 2020 చివరికి ఈ పని పూర్తయింది. చట్టపరమైన విలీనానికీ దీనికీ నడుమ సుమారు 9 నెలలు గడిచాయి. ఖాతా సంఖ్యలు మారలేదు. ఏఎన్‌డీబీతో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీల స్థానంలో యూబీఐఎన్08తో మొదలయ్యే సంకేతాలు వచ్చాయి. కార్పొరేషన్ బ్యాంకు శాఖలకు యూబీఐఎన్09 కేటాయించారు. ఈ విధంగా బ్యాంకు అక్షరాల తరువాతి సున్నా తరువాత వచ్చే అంకె చూసి శాఖ పూర్వం ఏ బ్యాంకుదో ఇప్పటికీ చెప్పవచ్చు. పాత సంకేతాలు 2021 మార్చి 31 వరకు చెల్లాయి.

గ్రామీణ బ్యాంకులు

2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న 493 శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఇక్కడ విలీన తేదీనాటికే అనుసంధానం ముగిసేలా పని జరిగింది. ఇందుకోసం 2024 డిసెంబరు 28 నుండి 31 వరకు ఆ శాఖల సేవలు నిలిపివేశారు. రెండు బ్యాంకులకూ ప్రాయోజక బ్యాంకు భారతీయ స్టేట్ బ్యాంకే.

2025 మే 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు పరిస్థితి భిన్నమైనది. ఇందులో కలిసిన చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులకు వరుసగా యూనియన్ బ్యాంకు, కెనరా బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, భారతీయ స్టేట్ బ్యాంకు ప్రాయోజకులు. గ్రామీణ బ్యాంకుల కంప్యూటరు వ్యవస్థలను సాధారణంగా ప్రాయోజక బ్యాంకులే సమకూరుస్తాయి. కనుక ఈ విలీనంలో నాలుగు వేరువేరు ఏర్పాట్ల నుండి డేటా ఒకచోటికి చేరవలసి వచ్చింది. దీని ప్రధాన కార్యాలయం అమరావతి.